నలభై ఒకటి, సరే!

కనాయేకు ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం, జనంలో కూతురి చెయ్యి జారిపోతుందేమోనని. రెండో భయం, తనవల్ల నలుగురికీ ఇబ్బంది కలుగుతుందేమోనని. భూకంపం, సముద్రం పొంగడం, భర్త పనిచేసే ఓడల మరమ్మతు షెడ్డు మూతపడటం వగైరాలు ఆ తర్వాత వరసలో మర్యాదగా నిలబడి ఉంటాయి. మొదటి రెండు భయాలూ అయిదేళ్ళుగా, అంటే సుమిరె పుట్టినప్పటి నుంచీ, ఒకే గుండెలో కలహం లేకుండా కాపురం చేస్తున్నాయి. అవి ఒకదాని జుట్టు ఒకటి పట్టుకున్నది ఒక్కసారే. షియోకాజె కాలనీ మూడో బ్లాకు నివాసుల సంఘం వారు కొతొహిరా పుణ్యక్షేత్రానికి పరస్పర పరిచయ వృద్ధి యాత్ర జరిపిన రోజున.

ఈ యాత్ర ప్రతి ఏడూ శరదృతువులో జరుగుతుంది. ఒకే బ్లాకులో ఉంటున్నవాళ్ళు ఒకరినొకరు బాగా తెలుసుకోవాలన్నది దీని ఆశయం. ఇరవై రెండేళ్ళుగా జరుగుతోంది కాబట్టి ఈపాటికి అందరికీ అందరూ తెలిసే ఉంటారని అందరికీ నమ్మకం. అంచేత ఎవరూ ఎవరినీ పేరు అడగరు. ఇన్నేళ్ళ తర్వాత పేరడిగితే ఎదుటివాళ్ళు నొచ్చుకోరూ?

బస్సు బయలుదేరేది ఏడింటికి. పది నిమిషాలు ముందు చేరాలని సంఘం నియమం. నియమానికి పది నిమిషాలు ముందుండటం సభ్యుల సంస్కారం. సంస్కారం కన్నా అయిదు నిమిషాలు ముందుండటం వాళ్ళ అలవాటు. కనాయే ఆరూ నలభైకి, సుమిరె చెయ్యి పట్టుకుని, రొప్పుతూ వచ్చేసరికి తక్కిన ముప్పై తొమ్మిది మందీ సీట్లలో బిగుసుకుని కూర్చుని ఉన్నారు. ఇరవై నిమిషాలు ముందొచ్చి ఆలస్యం చేసినందుకు ఆమె ముందు సీటు నుంచి వెనక సీటు దాకా వంగి వంగి క్షమాపణ చెప్పుకుంది.

"ఫరవాలేదమ్మా సుమిరె వాళ్ళమ్మా, ఇంకా చాలా టైముంది," అన్నారు పిల్లల విభాగం బాధ్యురాలు హొరియె గారు. ఆ మాటను ఎంత తియ్యగా అన్నారంటే, కనాయే మరో రెండుసార్లు వంగింది.

తర్వాత లెక్కల విభాగం వారి కార్యక్రమం. లెక్కల విభాగం అంటే నిషివాకి గారు ఒక్కరే. రైల్వేలో ముప్పై ఆరేళ్ళు గార్డుగా చేసి రిటైరయ్యారు. రైల్వేవాళ్ళకు చూసిన ప్రతిదాన్నీ వేలితో చూపించి, పైకి చెప్పి, నిర్ధారించుకోవడం పద్ధతి. సిగ్నల్ని చూపించి "పచ్చదీపం, సరే!" అంటారు. తలుపును చూపించి "మూశాం, సరే!" అంటారు. నిషివాకి గారు ఉద్యోగం వదిలారు గానీ వేలును వదలలేదు. తెల్లటి చేతితొడుగులు వేసుకుని, ఒక్కొక్క తలకాయనూ చూపిస్తూ, "ఒకటి, సరే! రెండు, సరే!" అంటూ బస్సు చివరిదాకా వెళ్ళారు. చివరి తల దగ్గర గొంతు ఒక మెట్టు పెంచారు. "నలభై ఒకటి, సరే!" ఆయన కూడా కలిసిన లెక్క అది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంత భద్రత ఉన్న చోట మనిషికి ఏం కాగలదు?

అధ్యక్షులు కుసాకబె గారు మైకు అందుకున్నారు. "యాత్ర అంటే ఏమిటి? వెళ్ళడమా? కాదు. చూడటమా? కాదు. యాత్ర అంటే, వెళ్ళినంతమందీ తిరిగి రావడం! మన యాత్రా పుస్తకం ముప్పై రెండు పేజీలు. పోయిన ఏడు ఇరవై ఎనిమిదే. ప్రగతి అంటే ఇదీ! పిల్లలూ, మీకొక్కటే సూత్రం. దారి తెలియకపోతే పసుపుపచ్చ జెండా వెనకాలే నడవాలి."

"నడుస్తాం!" అని ఆరుగురు పిల్లలూ అరిచారు. అందరికన్నా గట్టిగా సుమిరె అరిచింది.

ఆ పుస్తకాన్ని కనాయే వారం రోజులుగా చదువుతూనే ఉంది. చేపల పిండివంటల ఫ్యాక్టరీలో చేరడానికి హైస్కూలు రెండో ఏడాదిలోనే బడి మానేసిన మనిషి. సంఘం వారేమో గ్రాంథికంలో తప్ప రాయరు. పందొమ్మిదో అంశం ఇలా ఉంది: "మాతృవిశ్రాంత్యనంతర శిశు ప్రతిగ్రహణము వాహన సముదాయ ముఖద్వార సన్నిధిని జరుగును." ఇందులో ఆమెకు 'వాహనం' అర్థమైంది. అంటే పిల్లల్ని బస్సు దగ్గరికే తెచ్చి ఇస్తారన్నమాట అనుకుంది. ఎవరినైనా అడగవచ్చు. అడిగితే, ఇంత స్పష్టంగా రాస్తే కూడా అర్థం కాలేదా అని రాసినవాళ్ళు బాధపడతారు. అందుకని తలూపింది. నిజం చెప్పాలంటే బస్సులో సగంమంది అలాగే తలూపారు. కాకపోతే వాళ్ళు పుస్తకం చూడరు, ముందువాళ్ళ వీపు చూసి నడుస్తారు. చదువు తక్కువ మనిషి కాబట్టి కనాయే పుస్తకాన్ని నమ్ముకుంది.

కొతొహిరాలో మెట్లు ఏడువందల ఎనభై అయిదు. ఎక్కడెక్కడ ఆయాసపడాలో పుస్తకంలో ఉంది కాబట్టి మధ్యలో ఎవరూ ఆయాసపడలేదు. పడినవాళ్ళు ముక్కుతో పడ్డారు. మొదటి మెట్ల పక్క దుకాణంలో అరువిచ్చిన వెదురు కర్రలు పట్టుకుని, పసుపు జెండా వెనకాల, ఎడమ వారగా, ఒక చీమల బారులా ఎక్కారు. పైన గుడి ముంగిట నిలబడితే కింద మైదానమూ, దూరంగా గుండ్రటి కొండా, ఆ వెనక సముద్రపు గీతా కనిపిస్తాయి. "ఇప్పుడు ఆనందించండి. రెండు నిమిషాలు," అన్నారు అధ్యక్షులు, గడియారం చూసుకుంటూ. అందరూ ఆనందించారు. ఒక పెద్దాయన నిమిషంన్నరకే ముగించి, మిగతా అరనిమిషం ఏం చెయ్యాలో తోచక చేతులు నులుముకున్నాడు.

దేవుడి ముందు రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు చరిచి, సంఘ ఐక్యత కోసం మూకుమ్మడిగా మొక్కుకోవాలని పదకొండో అంశం. కనాయే మటుకు దొంగతనంగా తన మొక్కు తాను మొక్కుకుంది. "స్వామీ, ఈ చెయ్యి జారకుండా చూడు." ఆ దేవుడు అనాదిగా సముద్రం మీద వెళ్ళే పడవల్ని కాస్తాడని పేరు. బస్సుల సంగతి ఆయనకు ఎంతవరకు తెలుసునో ఎవరూ కనుక్కోలేదు.

దిగి వచ్చాక పందొమ్మిదో అంశం మొదలైంది. తల్లులకు అరగంట విశ్రాంతి. పిల్లలు ఆరు ముడుల తాడు పట్టుకుని హొరియె గారి వెంట నడవాలి.

"హొరియె గారూ, క్షమించండి, దీన్ని నాతోనే ఉంచుకుంటానండి. నాకేం అలుపు లేదు."

"అయ్యో, అలా చేస్తే ఎలా సుమిరె వాళ్ళమ్మా? మీరు ఉంచుకుంటే, తామేదో పిల్లల్ని వదిలించుకున్నామని మిగతా తల్లులు బాధపడరూ?"

అంతటితో రెండో భయం మొదటి భయం నోరు నొక్కేసింది. కనాయే వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. సుమిరె తల్లి చెయ్యి వదిలి తాడు ముడి పట్టుకుంది.

ఆ అరగంటా ఆమె విశ్రాంతి తీసుకున్న తీరు చూస్తే శత్రువులకు కూడా అలాంటి విశ్రాంతి వద్దనిపిస్తుంది. మిఠాయి దుకాణం ముందు నిలబడి, బెల్లం రంగు పాకం బిళ్ళల పెట్టెను పది నిమిషాలు చూసింది. యాత్ర మిఠాయి పంచాల్సినవాళ్ళు భర్త షెడ్డులో పన్నెండు మంది. పెట్టెలో పది బిళ్ళలు. రెండు పెట్టెలు కొంటే ఎనిమిది మిగులుతాయి, మిగిలాయని తెలిస్తే అవి ఎవరికి ఇవ్వలేదోనని పన్నెండు మందీ ఆలోచిస్తారు. ఏమీ తేల్చుకోలేక ఒక పెట్టె కొని, ఈసారైనా చివరిదాన్ని కాకూడదని, పావుగంట ముందే పరుగున పోయి బస్సెక్కి కూర్చుంది. బస్సులో డ్రైవరు తప్ప ఎవరూ లేరు. పొద్దున పిల్లలంతా వెనక సీట్లలోనే పాటలు పాడుతూ వచ్చారు, ఇప్పుడూ అక్కడికే తెస్తారని ఆమె ధీమా.

మెల్లగా జనం వచ్చారు. ఆమె పక్కన, సుమిరె సీట్లో, ఒక బామ్మగారు వచ్చి కూర్చున్నారు. బూడిదరంగు కోటు, ఒళ్ళో కమలాపండ్ల సంచి. పెద్దావిడను లేవమనడం ఎలా? పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే సరి. పైగా ఏ అంతస్తు బామ్మగారో ఏమో! ఇన్నేళ్ళ తర్వాత "మీరెవరండీ?" అంటే బాగుంటుందా? కనాయే వంగింది. బామ్మగారూ వంగారు. ఒక కమలాపండు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి వచ్చింది.

నిషివాకి గారి వేలు బయలుదేరింది. బామ్మగారి దగ్గరికి వచ్చేసరికి "ఇరవై ఏడు, సరే!" అన్నది. చివరికి "నలభై ఒకటి, సరే!" బస్సు కదిలింది. చప్పట్లు. బస్సుల ఆవరణ గేటు కూడా దాటింది.

అప్పుడు కనాయే వెనక్కి తిరిగి చూసింది. వెనక సీట్లలో అయిదుగురు తల్లులు. అయిదుగురు పిల్లలు.

లేచి, సీట్లు పట్టుకుంటూ ముందుకు వెళ్ళింది. అక్కడ ఎవరో మైకులో ఓడ సరంగు పాట పాడుతున్నారు.

"నిషివాకి గారూ, క్షమించాలి. మా సుమిరె బస్సులో లేదండి."

"ఉందమ్మా. నలభై ఒకటి వచ్చింది."

"కానీ ఎక్కడా కనిపించడం లేదండి."

"కనిపించడం వేరు, లెక్క వేరు తల్లీ. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో నా లెక్క ఒక్కసారి తప్పలేదు."

"లెక్క తప్పలేదండి. పిల్లే తప్పిపోయింది."

ఇది లెక్కల విభాగం పరిధిలోకి రాదు కాబట్టి అధ్యక్షుల వారికి నివేదించారు. అధ్యక్షులు పాట ఆపించి, కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకం తెరిచారు. ఇరవై మూడో అంశం: లెక్క తగ్గినప్పుడు పాటించవలసిన విధి. ఇరవై నాలుగో అంశం: లెక్క పెరిగినప్పుడు పాటించవలసిన విధి. ఆయన వెనకపేజీలూ తిరగేశారు. లెక్క సరిపోయినప్పుడు ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. సరిపోతే ఇంకేం చెయ్యాలి?

"హొరియె గారూ, పిల్లల్ని అప్పగించారు కదా?"

"సరిగ్గా రెండున్నరకు, పుస్తకంలో రాసినట్టే ఆవరణ గేటు దగ్గర, తల్లులు రాగానే తాడు చుట్టేశానండి. ముడులు కూడా లెక్కపెట్టాను. ఆరు," అన్నారు హొరియె గారు. తాడు తీసి చూపించారు కూడా. ఆరూ ఉన్నాయి.

అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు. "సభ్యులారా, ఒక సున్నితమైన పరిస్థితి. ఒకవైపు సభ్యురాలి ఆందోళన. దాన్ని మేము ఎంతో గౌరవిస్తున్నాం. మరోవైపు నలభై ఒకటి అనే వాస్తవం. ఇప్పుడు బస్సు తిప్పితే ఉడోన్ నూడుల్స్ హోటల్లో వేడివేడిగా వడ్డించి ఉంచిన నలభై ఒక్క గిన్నెలు చల్లారిపోతాయి. అందువల్ల ముందు హోటలుకు చేరి, అక్కడ ప్రశాంతంగా చర్చించి..."

కనాయే బస్సులోని నలభై మొహాలూ చూసింది. నలభై మందికి ఇబ్బంది. అంతటి ఇబ్బంది ఆమె జన్మలో ఎవరికీ కలిగించలేదు. రెండో భయం ఆమె నోటికి అడ్డంగా చెయ్యి పెట్టింది. మొదటి భయం ఆ చేతిని కొరికింది.

"బస్సాపండి!"

షియోకాజె కాలనీ కట్టినప్పటి నుంచీ, తుఫాను సైరన్లు మినహాయిస్తే, అంత పెద్ద శబ్దం ఎవరూ వినలేదని తర్వాత సంఘం వారు నమోదు చేసుకున్నారు. డ్రైవరు సంఘ సభ్యుడు కాడు, పుస్తకం చదవలేదు. అందువల్ల వెంటనే ఆపేశాడు.

ఆమె దూకి పరుగెత్తింది. చెప్పులు ఒకచోట, మిఠాయి పెట్టె ఒకచోట పడ్డాయి. గేటు దాటి లోపలికి వెళితే, ఆవరణ నిండా బస్సులు. ప్రతి బస్సు ముందూ ఒక పసుపుపచ్చ జెండా. కొతొహిరాకు వచ్చే సంఘాలన్నిటికీ, దూరం నుంచి కనిపించే రంగు ఏదంటే అదే తోస్తుంది. ఒక బస్సెక్కింది, లేదు. ఇంకో బస్సెక్కింది, లేదు. మూడో బస్సు ఇంజను అప్పటికే స్టార్టయి ఉంది. "శతాయుష్షు వయోవృద్ధుల మిత్రమండలి" అని గుడ్డ మీద రాసి కట్టారు. తలుపు మీద రెండు చేతులతో బాదింది.

తెల్లటి తలల మధ్య, నాలుగో వరసలో, నల్లటి తల ఒకటి. నోటినిండా కమలాపండు.

"అమ్మా! నేనిక్కడ ముప్పయ్యో నంబర్ని!"

కనాయే మెట్ల మీదే కూలబడింది. పిల్లను లాక్కుని, మొహం, చేతులు, చెవులు, వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసుకుంది. ఏ విభాగం వారి సహాయమూ లేకుండా లెక్క సరిపోయింది.

"మీ పాపా అమ్మా? చాలా క్రమశిక్షణ గల పిల్ల," అన్నాడు ఆ మండలి నాయకుడు, జాబితా చంకలో పెట్టుకుని. "జెండా చూసి తానే వరసలో నిలబడింది."

"మీది వృద్ధుల మండలి కదండీ! అయిదేళ్ళ పిల్లను చూసి మీకేమీ అనిపించలేదా?"

ఆయన కొంచెం ఇబ్బంది పడ్డాడు. "ఈ ఏడు కొత్త సభ్యులు చేరారని విన్నాను. వయసు అడగడం మర్యాద కాదు కదమ్మా. పైగా ముప్పై సరిగ్గా వచ్చింది."

ముప్పైలో పిల్లను తీసేస్తే ఇరవై తొమ్మిది. ఇంతకీ రానివాళ్ళెవరు? నాయకుడు జాబితా చూశాడు. బస్సంతా చూశాడు. బస్సంతా ఒకరినొకరు చూసుకుంది. మిత్రమండలి పెట్టి పదిహేనేళ్ళు. అక్కడ లేని మిత్రురాలి పేరు చెప్పగలిగిన మిత్రుడు ఒక్కడూ లేడు.

ఈలోగా షియోకాజె బస్సు వెనక్కి వచ్చింది. బూడిదరంగు కోటు బామ్మగారు సంచి పట్టుకుని మెల్లగా దిగారు.

"నన్ను తిట్టు తల్లీ," అన్నారు కనాయేతో. "కికుయో నా పేరు. ఎక్కగానే తెలిసింది ఇది మా బస్సు కాదని."

"మరి చెప్పలేకపోయారా బామ్మగారూ!" అంది కనాయే. "నా ప్రాణం పోయింది!"

"దిగుదామనే లేవబోయాను. ఇంతలో ఆ తెల్ల తొడుగుల ఆయన వచ్చి, నా కళ్ళలోకి వేలు పెట్టినట్టు చూపించి, 'ఇరవై ఏడు, సరే!' అన్నాడు. నన్ను చూసి ఎవరైనా 'సరే!' అని ఎన్నాళ్ళయిందో! ఇంట్లో నేను లేచినా ఒకటే, లేవకపోయినా ఒకటే. కాసేపు ఆ లెక్కలో ఉందామనిపించింది. నీ పిల్ల సీటని తెలియదమ్మా, ఒట్టు."

కనాయేకు తిట్టాలనే ఉంది. నోట్లో కమలాపండు పులుపు ఇంకా అలాగే ఉంది. తిట్టబోయి, ఆ ముసలి చేతులు రెండూ పట్టుకుని ఏడ్చేసింది. సుమిరె ఇద్దరినీ చూసి, ఏడవాలో నవ్వాలో తెలియక, బామ్మగారి సంచిలోంచి ఇంకో పండు తీసుకుంది.

తర్వాత ఉభయ సంఘాల అధ్యక్షులూ ఎదురెదురుగా నిలబడి ఇరవై నిమిషాల పాటు వంతులవారీగా వంగారు. తప్పు మాదంటే మాదని పోటీ పడ్డారు. చివరికి ఒక ఉమ్మడి ప్రకటన వెలువడింది: "ఉభయ పక్షముల లెక్కలును ఆద్యంతము నిర్దుష్టముగా ఉన్నవి. మనుషుల విషయమున మాత్రమే స్వల్ప మార్పిడి సంభవించినది." వచ్చే ఏడు ఇలాంటివి జరగకుండా తలల్ని రెండుసార్లు లెక్కపెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఉడోన్ గిన్నెలు చల్లారిపోయాయి. చల్లటి ఉడోన్‌లోనే అసలు రుచి ఉందని అందరూ కనాయే వినేట్టు మెచ్చుకుంటూ తిన్నారు.

వారం తర్వాత సంఘం నోటీసు అట్ట ఇంటింటికీ తిరుగుతూ కనాయే ఇంటికి వచ్చింది. యాత్ర దిగ్విజయం గురించి రెండు పేజీలు. కింద, చదివినట్టు గుర్తుగా ప్రతి ఇంటివాళ్ళూ సంతకానికి బదులు తమ పేరు ముద్ర వెయ్యాలి. ఇరవై నాలుగు ఇళ్ళు. ఆమెది చివరి ముద్ర. తన ముద్ర పట్టుకుని ఆగింది. పక్కింటి అకుత్సు గారి ముద్ర ఉంది. కానీ అది హొరియె గారి ముద్రలాగే ఊదారంగులో, హొరియె గారి ముద్రలాగే కాస్త ఎడమకు వాలి ఉంది.

"ఆయన తలుపు తియ్యరు సుమిరె వాళ్ళమ్మా," అన్నారు హొరియె గారు ఫోనులో. "ఒంటరి మనిషిని ఇబ్బంది పెట్టడం ఎందుకని నేనే ఒక ముద్ర కొనిపెట్టి వేసేస్తున్నాను. మార్చి నుంచీ. లెక్క ఆగకూడదు కదా!"

అప్పుడు నవంబరు.

కనాయే ముద్ర పక్కన పెట్టింది. సుమిరె చెయ్యి పట్టుకుని పక్క తలుపు ముందు నిలబడింది. గంట నొక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. లేదు. అప్పుడు కొతొహిరాలో బస్సు తలుపు బాదినట్టు రెండు చేతులతో బాదింది. మెట్ల మీదుగా వెళుతున్నవాళ్ళు ఉలిక్కిపడి, ఆమె తరఫున సిగ్గుపడి, తలలు దించుకుని వెళ్ళిపోయారు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. గడ్డం పెరిగి, చిక్కిపోయి, గోడ పట్టుకుని అకుత్సు గారు.

"గంట పనిచెయ్యడం లేదా?" అని ఆయన ఆశ్చర్యపోయారు. "అలాగా! ఎనిమిది నెలలుగా ఎవరూ నొక్కడం లేదేమిటా అనుకున్నాను. నన్ను ఇబ్బంది పెట్టకూడదని అందరూ ఎంత జాగ్రత్త తీసుకుంటున్నారో, ఎంత మర్యాదస్తులో అనుకున్నాను. మరి ఈ మధ్య మెట్లు దిగడానికి మోకాళ్ళు రావడం లేదని చెప్పుకుందామంటే, పిలిచి ఇబ్బంది పెట్టడం ఎందుకని..."

ఆ పూట ఆయన మూడు గిన్నెల అన్నం తిన్నారు.

ఇదంతా సముద్రాల అవతల జరిగింది కాబట్టి, మర్యాద ముదిరిన దేశంలో ఇలాంటివి మామూలేనని మీరు హాయిగా నవ్వుకోవచ్చు. మీ అపార్టుమెంటులో, మీ వీధిలో అందరికీ అందరూ తెలుసు. వాట్సాప్ గ్రూపులో సభ్యుల సంఖ్య కూడా సరిగ్గానే ఉంది. ఆ గ్రూపులో చాన్నాళ్ళుగా ఏమీ మాట్లాడనివారు ఒకరుంటారు. అందరూ దండం బొమ్మ పెడితే తామూ దండం బొమ్మ పెట్టేవారు, ఈ మధ్య అదీ పెట్టడం లేదు. మీ ఇంటికి రెండు తలుపుల అవతలే ఉంటారు. ఈ కాగితం పక్కన పెట్టి, వెళ్ళి ఒకసారి చూసి రండి. గంట మోగకపోతే తిరిగి రావద్దు, తలుపు కొట్టండి. పేరు తెలియదంటారా? అందుకే వెళ్ళమంటున్నది.